ఎక్కడం రైలుకు... నడవడం మనకు!

పిల్లలు ఇంగ్లండ్‌లో ఉంటే రెండేళ్లకోసారైనా వెళ్లి రావడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలైపోయింది. మొదటి రెండు వారాలు లండన్ బ్రిడ్జి, రాజుగారి ప్యాలెస్, ఇండియన్ స్టోర్లతో ఇట్టే గడిచిపోతాయి. ఆ తర్వాతే అసలు కథ. అమ్మాయీ అల్లుడూ లాప్‌టాప్‌ల ముందు, మనవరాలు స్కూల్లో, బయట సన్నటి జల్లు, మీరు సోఫాలో. విజిటర్ వీసా మీద ఆరు నెలల వరకు ఉండొచ్చు కదా అని నాలుగైదు నెలలు అలాగే ఉండిపోతారు.

ఇక్కడ ఉన్నప్పుడు మీరు ప్రత్యేకంగా వాకింగ్‌కు వెళ్లకపోయినా కూరగాయల బజారు, గుడి, పక్కింటివాళ్ల గుమ్మం, డాబా మీద బట్టలు... ఏదో ఒక వంకన కాళ్లు కదులుతూనే ఉంటాయి. అక్కడ అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అరవై దాటాక తొడ కండరాలు వాడకపోతే చాలా త్వరగా నీరసిస్తాయి. మళ్లీ బలం పుంజుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు సమయం పడుతుంది. ఊరికి తిరిగొచ్చాక ‘అక్కడి చలికి మోకాళ్లు పట్టేశాయి’ అంటుంటారు చాలామంది. అన్నిసార్లూ చలి తప్పు కాదు, సోఫాది కూడా!

ఇక శని, ఆదివారాల్లో పిల్లలు ‘హైకింగ్‌కు వెళ్దాం పదండి’ అంటే మీరు ‘ఈ మోకాళ్లతో కొండలా? మీరు వెళ్లిరండి నాన్నా’ అంటారు. వాళ్లూ ఒకటికి రెండుసార్లు అడిగి ఊరుకుంటారు. నిజానికి ఆ దేశంలో కొండ ఎక్కకుండానే కొండ మీద నడిచే దారులున్నాయి. ఒకే చోట సముద్రం, కొండ అంచు, ఊదారంగు పూల బీడు మూడూ దొరికే ప్రాంతం ఎక్స్‌మూర్. దాని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

‘మూర్’ అంటే ఏమిటి?

మన దగ్గర ఇలాంటి నేల లేదు కాబట్టి దీనికి సరిగ్గా అతికే తెలుగు మాట కూడా లేదు. ‘కొండ మీది బీడు’ అనుకోవచ్చు. ఎత్తైన నేల, చెట్లు దాదాపు ఉండవు, ఎప్పుడూ గాలి వీస్తుంటుంది. మోకాలెత్తు పొదలు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. అందులో ఎక్కువగా ఉండేది హెదర్ అనే మొక్క. ఆగస్టులో, సెప్టెంబరు మొదట్లో పూస్తుంది. అప్పుడు కొండలన్నీ ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టుంటాయి. మధ్యమధ్య గోర్స్ అనే ముళ్లపొద పసుపు పూలతో మెరుస్తుంటుంది. 

ఇలాంటి బీడు నేరుగా సముద్రంలోకి దిగిపోయే చోటు ఎక్స్‌మూర్. సోమర్సెట్, డెవన్ కౌంటీల్లో సుమారు 690 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఈ ప్రాంతాన్ని 1954లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. బ్రిస్టల్ నుంచి కారులో రెండు గంటలకు అటూఇటూగా చేరుకోవచ్చు. కార్డిఫ్, స్విండన్, రెడింగ్‌లలో ఉండేవాళ్లకు వారాంతపు ప్రయాణం. లండన్ నుంచైతే ఒక రాత్రి బస తప్పదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామనుకుంటే నడక మిగలదు, కారే మిగులుతుంది. కారు లేకపోతే రైల్లో టాంటన్ వరకు వెళ్లి, అక్కడి నుంచి బస్సులో మైన్‌హెడ్ చేరొచ్చు.

ఇంగ్లండ్ నైరుతి కొసను చుట్టివచ్చే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ మొదలయ్యేది ఈ మైన్‌హెడ్‌లోనే. మొత్తం 630 మైళ్లు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. కంగారు పడకండి. మనకు కావలసింది అందులో రెండు, మూడు కిలోమీటర్ల ముక్కలు మాత్రమే.

కిలోమీటర్లు కాదు, వాలు చూడండి

నడక తేలికా కష్టమా అన్నది చాలామంది దూరాన్ని బట్టి నిర్ణయిస్తారు. ‘మూడు కిలోమీటర్లే కదా, ఇంటి దగ్గర పార్కులో రోజూ నడిచేదే’ అనుకుంటారు. పార్కు చదును. ఇక్కడి సముద్ర తీరం అలా ఉండదు. వాగు ఉన్న ప్రతిచోటా దారి దిగుతుంది, దాటాక మళ్లీ ఎక్కుతుంది. రెండు కిలోమీటర్లలోనే పది, పదిహేను అంతస్తులు ఎక్కి దిగినంత శ్రమ ఉండొచ్చు.

పైగా మోకాళ్లకు అసలు పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు కష్టపడతాయి. ఆయాసం వస్తుంది కాబట్టి మనంతట మనమే ఆగుతాం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, ‘హాయిగా ఉందే’ అనుకుంటూ చకచకా దిగిపోతాం. కానీ ఆ సమయంలో తొడ ముందుభాగం కండరాలు ఒకవైపు సాగుతూనే, మరోవైపు ఒళ్లంతటి బరువుకూ బ్రేకు వేస్తుంటాయి. మోకాటి చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది. కీలు అరిగినవారికి నొప్పి వచ్చేది అక్కడే. జారి పడేదీ ఎక్కువగా అక్కడే.

కాబట్టి పిల్లలు ఏదైనా దారి చూపిస్తే మూడు ప్రశ్నలడగండి. మొత్తం ఎక్కాల్సింది ఎన్ని మీటర్లు? కాలికింద తారా, గడ్డా, గులకరాళ్లా? నావల్ల కాదనిపిస్తే సగంలో వెనక్కి తిరగొచ్చా? మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. చుట్టు తిరిగి వచ్చే దారుల్లో సగం దాటాక వెనక్కి రావడమూ అంతే దూరం. వెళ్లిన దారినే తిరిగొచ్చే నడకైతే మీ ఇష్టం వచ్చిన చోట ఆగిపోవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేనైతే ఎప్పుడూ దానికే ఓటు వేస్తాను.

లిన్‌మత్ కింద, లింటన్ పైన

ఎక్స్‌మూర్‌లో ఒక్క రోజే గడిపే వీలుంటే ఇక్కడికే వెళ్లండి. లిన్‌మత్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న రేవు ఊరు. దానికి నిట్టనిలువుగా, సుమారు 150 మీటర్ల ఎత్తున కొండ మీద లింటన్ ఉంది. రెండింటినీ కలుపుతూ 1890లో ఒక రైలు వేశారు. ఇంజిను లేదు, కరెంటు లేదు. ఒక తీగకు అటో పెట్టె, ఇటో పెట్టె. పైనున్న పెట్టె అడుగున ట్యాంకులో వాగు నీళ్లు నింపుతారు. బరువెక్కి అది కిందికి దిగుతుంటే, నీళ్లు వదిలేసిన కింది పెట్టె పైకి వస్తుంది. బావి గిలక మీద ఒక బొక్కెన దిగుతుంటే రెండోది పైకొచ్చినట్టే! నూట ముప్ఫై ఏళ్లు దాటినా ఆ నీటి బరువుతోనే నడుస్తోంది. 

మోకాళ్ల నొప్పులవారికి ఇది దేవుడిచ్చిన వరం. పైకి రైల్లో వెళ్లండి, కిందికీ రైల్లోనే రండి. ‘దిగడమే కదా, నడిచి దిగుదాం’ అని పిల్లలు సరదాపడితే వాళ్లను నడవనివ్వండి. మీరు మాత్రం టికెట్ రానూపోనూ తీసుకోండి. చలికాలంలో ఈ రైలు నడవని నెలలుంటాయి, ముందే చూసుకోవాలి.

లింటన్ నుంచి సముద్రం వైపు కొండ నడుముకు కట్టిన మొలతాడులా ఒక దారి వెళ్తుంది. పేరు నార్త్ వాక్. తారు వేసిన బాట. ఊళ్లోంచి మొదలయ్యే చోట కాస్త వాలు ఉంటుంది. అది దాటాక పెద్దగా ఎత్తుపల్లాలుండవు. కిలోమీటరున్నర నడిస్తే ‘రాళ్ల లోయ’ వస్తుంది. ఎడమవైపు కొండ, కుడివైపు బాగా కింద సముద్రం, ఆకాశం తేటగా ఉంటే దూరాన వేల్స్ తీరం. అడవి మేకలు ఆ నిట్టనిలువు రాళ్ల మీద నిల్చుని మనల్నే చూస్తుంటాయి. వాటికి ఏమీ పెట్టకండి. లోయలోని రాళ్లు సుమారు 40 కోట్ల ఏళ్ల నాటివి. లోయకు అడ్డంగా సముద్రం కనబడాల్సింది పోయి, ఇది సముద్రానికి సమాంతరంగా సాగుతుంది, అందులో నది కూడా ఉండదు. అదో వింత. 

ఈ దారిలో సముద్రం వైపు చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. బాట వెడల్పుగానే ఉన్నా, ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవారు, చెవి సమస్యతో తూలు వచ్చేవారు కొండవైపే నడవాలి. చిన్నపిల్లల చేయి వదలకూడదు. ఫొటో కోసం అంచుకు వెళ్లొద్దు. మొదటి వాలు కూడా వద్దనుకుంటే లోయలోనే కారు ఆపుకోవచ్చు. అక్కడి నుంచి మొదలుపెట్టి ఓపిక ఉన్నంత వరకు వెళ్లి తిరిగి రావచ్చు.

కింద లిన్‌మత్‌లో ఈస్ట్ లిన్ నది వెంట మరో నడక ఉంది. మూడు కిలోమీటర్లు పైకి వెళ్తే రెండు ఏర్లు కలిసే వాటర్స్‌మీట్, అక్కడ నేషనల్ ట్రస్ట్ వారి టీ దుకాణం. వినడానికి ఊరిస్తుంది కానీ పోనుపోను దారిలో వేళ్లు, రాళ్లు, తడి ఎక్కువ. మొదటి కిలోమీటరు నడిచి వెనక్కి వచ్చినా నీళ్ల చప్పుడు, చెట్ల నీడ మీవే. 

ఈ నది ఇప్పుడు ఎంత ముద్దుగా కనిపిస్తుందో 1952 ఆగస్టు 15 రాత్రి అంత భయంకరంగా మారింది. అప్పటికే తడిసి ముద్దైన పైబీడు మీద ఒక్క రోజులో తొమ్మిది అంగుళాల వాన కురిసింది. నీరు ఇంకే చోటు లేక బండరాళ్లతో సహా ఊరి మీదికి దూకింది. 34 మంది ప్రాణాలు పోయాయి. మీరున్న చోట ఎండగా ఉన్నా పైన వాన పడితే ఇక్కడి వాగులు గబుక్కున పొంగుతాయి. భారీ వర్షం హెచ్చరిక ఉంటే ఆ రోజు నదీతీరం మానేసి లింటన్‌లోనే టీ తాగండి.

కారు ఎక్కాక కొండ మీద చదును

బీడు చూడాలంటే మైన్‌హెడ్ వెనకే ఉన్న నార్త్ హిల్ తేలిక. పై వరకు రోడ్డుంది. కారు దిగేసరికే మీరు కొండ మీద ఉంటారు. అక్కడి నుంచి సెల్వర్తీ బీకన్ అనే రాళ్ల గుట్ట వైపు వెడల్పాటి బాట, కొద్దిపాటి ఎత్తుపల్లాలు మాత్రమే. ఒకవైపు సముద్రం, మరోవైపు లోతట్టు బీడు. గుట్టదాకా వెళ్లి తీరాలనేమీ లేదు. పదిహేను నిమిషాలు వెళ్లి, పదిహేను నిమిషాలు వెనక్కి వస్తే అరగంట నడక పూర్తి. పొట్టిగా, బలంగా, మూతి దగ్గర తెల్లగా ఉండే ఎక్స్‌మూర్ గుర్రాలు కనిపించినా కనిపించొచ్చు. 

కాస్త ఓపిక ఉన్నవాళ్లకు డంకరీ బీకన్. 519 మీటర్లతో ఎక్స్‌మూర్‌లోనే ఎత్తైన చోటు. పేరు విని భయపడొద్దు, ఎత్తులో ఎక్కువ భాగం రోడ్డే ఎక్కిస్తుంది. రోడ్డు పక్క పార్కింగ్ నుంచి శిఖరానికి కిలోమీటరుకు అటూఇటూ ఉంటుంది. దారి రాళ్లతో ఉంటుంది కాబట్టి చేతిలో కర్ర ఉండాలి. పైన గాలి మామూలుగా ఉండదు. కింద మైన్‌హెడ్‌లో చొక్కాతో తిరిగిన రోజు కూడా ఇక్కడ జాకెట్ కావాలి. మంచు పొగ కమ్మితే పది అడుగుల దూరంలో మనిషి కనబడడు. శిఖరం కింది నుంచి కనిపించకపోతే ఆ రోజు ఎక్కకండి.

పోర్లాక్ దగ్గర తీరం మాత్రం చదునుగా ఉంటుంది. 1996 తుపానులో అక్కడి గులకరాళ్ల గట్టు తెగి, పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి బురదనేలగా మారింది. ఎండిపోయిన చెట్ల మోళ్లు ఇప్పటికీ నిలబడి ఉంటాయి. నడిస్తే గట్టు వెనకున్న బాట మీదే నడవండి. గులకరాళ్ల మీద రెండు వందల అడుగులు వేసినా చీలమండలు మొర్రో అంటాయి. పెద్ద పోటు రోజుల్లో బాట మీదికి కూడా నీరొస్తుంది. ఇంగ్లిష్ లిటరేచర్ చదివినవాళ్లకు పోర్లాక్ పేరు తెలిసే ఉంటుంది. కోల్‌రిడ్జ్ ‘కుబ్లా ఖాన్’ రాస్తుంటే వచ్చి చెడగొట్టిన మనిషి ఈ ఊరివాడేనట! 

బార్ల్ నది మీద పదిహేడు ఖానాల పాత రాతి వంతెన టార్ స్టెప్స్ కూడా బాగుంటుంది. పార్కింగ్ నుంచి దిగుతూ వెళ్లాలి, అంటే తిరిగొచ్చేటప్పుడు ఎక్కాలి. అది గుర్తుంటే చాలు.

మన బీచ్ లెక్క అక్కడ పనికిరాదు

విశాఖలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. అందుకే సముద్రం ఎప్పుడూ ఒకే చోట ఉంటుందని మనకో నమ్మకం. ఎక్స్‌మూర్ ముందున్న బ్రిస్టల్ చానల్‌లో ఆటుపోట్లు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో కొన్ని. లోపల సెవర్న్ నది ముఖం దగ్గర తేడా 14 మీటర్ల దాకా వెళ్తుంది. అంటే నాలుగంతస్తుల మేడంత! కొండ కింద ఒడ్డు ఖాళీగా కనిపించిందని నడుచుకుంటూ పోతే, గంటలో వెనకదారి మూసుకుపోవచ్చు. ఆటుపోట్ల వేళలు చూడకుండా కొండ కింది ఒడ్డున నడవొద్దు. తీరంలో ఆపద వస్తే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి. కొన్నిచోట్ల సిగ్నల్ అందదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి.

బీడులో ఇంకో చిన్న ప్రమాదం పిడుదు పురుగు. గడ్డిలోంచి కాలికి పట్టుకుంటుంది. కొన్నింటి వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. బాట మధ్యలో నడవడం, పొడవాటి ప్యాంటును మేజోళ్లలోకి దోపుకోవడం, ఇంటికి రాగానే మోకాలి వెనక, గజ్జల్లో చూసుకోవడం... ఇవి చాలు. పట్టుకుని ఉంటే చర్మానికి దగ్గరగా ట్వీజర్‌తో పట్టి నెమ్మదిగా పైకి లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాతి కొన్ని వారాల్లో అక్కడ గుండ్రంగా పెరిగే ఎర్రమచ్చ, జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి. ఊరికి తిరిగొచ్చాక కనిపిస్తే ‘ఇంగ్లండ్‌లో బీడులో నడిచాను’ అని చెప్పడం మరవొద్దు. మన డాక్టర్లకు అది వెంటనే తట్టే జబ్బు కాదు.

అమ్మలకో మాట. చీర వద్దని కాదు, ఆ గాలి చీరను నిలవనివ్వదు. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడితే తారు బాట మీద కూడా తూలిపోతారు. సల్వారో, ట్రాక్ ప్యాంటో ఆ పూటకు వేసుకోండి. చెప్పులు కాదు, అడుగున పట్టు ఉన్న బూట్లు. కొత్తవి ఆ రోజే తీయకుండా వారం ముందు నుంచే ఇంట్లో తొడుక్కుని తిరగండి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు నడకకు ముందు బూటులో చెయ్యి పెట్టి చూసుకోవాలి, నడిచాక పాదాలను వెలుతురులో చూసుకోవాలి. ఒక చిన్న గులకరాయి పుండు చేసినా వాళ్లకు తెలియదు.

టాయిలెట్ దొరకదేమోనని నీళ్లు తాగడం మానేసేవాళ్లు, ఆ పూట బీపీ మాత్ర ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. రెండూ చేయకండి. మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వేసుకుంటుంటే సమయం మార్చుకోవచ్చేమో ఇక్కడే మీ డాక్టరును అడిగి వెళ్లండి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి ఎక్కువ నడిచిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి. ఆ రాత్రి భోజనం మానొద్దు. పులిహోర డబ్బా తీసుకెళ్తే మధ్యాహ్నం ఇబ్బంది ఉండదు. డెవన్ వాళ్ల క్రీమ్ టీ రుచి చూడాల్సిందే కానీ, ఆ మీగడ, జామ్ చూశారు కదా... ఇద్దరికి ఒక ప్లేటు చాలు.

నడిచేటప్పుడు మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత వేగం సరైనది. ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం ఉంటే ఆగిపోవాలి. చల్లటి ఎదురుగాలిలో గుండెకు శ్రమ ఎక్కువ. ఇటీవల స్టెంటు వేయించుకున్నవారు, మోకీలు మార్పిడి చేయించుకున్నవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. విజిటర్ వీసా వాళ్లు అక్కడ ఆసుపత్రిలో చేరితే బిల్లు కట్టాల్సి ఉంటుంది. ఇన్సూరెన్సులో మీ పాత జబ్బులన్నీ చెప్పి తీసుకోండి.

టికెట్లు బుక్ చేసిన రోజే మొదలుపెట్టండి

పెద్దవాళ్లకు కూడా వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వేగం నడకతో పాటు, కనీసం మూడు రోజులు నిలకడనూ కండరాల బలాన్నీ పెంచే వ్యాయామాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మనవాళ్లు మొదటిది పట్టుకుని రెండోది వదిలేస్తారు. కొండవాలుకు అక్కరకొచ్చేది రెండోదే. ప్రయాణానికి ఆరు, ఎనిమిది వారాల ముందు నుంచి చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మెల్లగా దిగండి. దిగుడు వాలుకు బ్రేకు వేసే కండరానికి అదే శిక్షణ. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం. వారంలో రెండు రోజులు చదును పార్కు బదులు అపార్ట్‌మెంట్ మెట్లో, ఊళ్లో ఏదైనా చిన్న గుట్టో ఎంచుకోండి.

నడక కర్రలు రెండు కొనుక్కోండి. చదునులో పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో ఉండాలి. దిగేటప్పుడు కాస్త పొడవు పెంచి, కర్ర ముందు పెట్టి, తర్వాత అడుగు వేయాలి. వాలు మీద సూటిగా కాకుండా బాట వెడల్పునంతా వాడుకుంటూ అటూఇటూ ఏటవాలుగా దిగితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

విమానం దిగిన వారంలోనే వెళ్లకండి. ముందు ఇంటి చుట్టుపక్కల రోజూ అరగంట, తర్వాతే ఎక్స్‌మూర్. అక్కడ మొదటి రోజు గంట మించొద్దు. మర్నాడు, ఆ మర్నాడు తొడలు రెండూ సమానంగా పట్టేసినట్టుంటే అది కొత్త పని చేసిన కండరం నొప్పి, రెండు మూడు రోజుల్లో పోతుంది. మెల్లగా నడుస్తూనే ఉండొచ్చు. ఒక్క మోకాలే వాచినా, వేడిగా ఉన్నా, బరువు మోపలేకపోయినా అది వేరు. ఆ వారం నడక ఆపి చూపించుకోవాలి. అలాంటిదేమీ లేకపోతే తర్వాతి శనివారానికి పిల్లలకు మీరే గుర్తు చేయండి.